తోకకి పవర్

మా బావకి నోరు పెద్దది, వివరం తక్కువ. ఆ సాయంత్రం ఆ రెండూ కలిసి మా కొంప ముంచాయి.

మేమున్న మేడకి ఎదురుగా ఆసుపత్రి. రెండో అంతస్తు కిటికీలో మా అక్క, అంటే బావ భార్య, ఫోను పట్టుకుని కూర్చుంది. కాసేపట్లో కంటి ఆపరేషన్. తర్వాత చూపు మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. లోపలికెళ్ళేముందు తను గీసిన కొంగని వెలుగులో ఒక్కసారి చూడాలంది. అందుకే ఈ మేడవాళ్ళని బతిమాలి, గోడ నిండా పిక్సెల్ లైట్లు కట్టాం. మా పనే అది. బొమ్మ అక్కది, వైరింగ్ బావది, గోడలెక్కడం నాది.

తెల్లకొంగ, వెనకే దాని పిల్ల. "ఆ పిల్లవి నువ్వేనే" అంది అక్క గీసేటప్పుడు. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే మరి.

బావ స్విచ్ వేశాడు. కొంగ తెల్లగా వెలిగింది. పిల్ల మాత్రం ఆరిపోయే బొగ్గులా ఎర్రగా ఉంది. లైట్ల దండ పొడుగైతే ఇదే గొడవ. చివరికొచ్చేసరికి వోల్టేజీ చాలదు, తెలుపు కాస్తా ఎరుపవుతుంది. అక్క కంటికేమో ఎరుపు ఎప్పుడో చీకటైపోయింది.

"పిల్ల ఏదే?" అంది ఫోనులో.

"వస్తోందక్కా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"వోల్టేజీ పెంచు బావా!"

"మొదటివి మాడి చస్తాయి! వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. కరెంటు మనకేం చుట్టమా? కరెంటు డబ్బా దగ్గర్నుంచి వేరే లావు తీగ లాగి, తోకకి పవర్ ఇవ్వవే!"

తీగ భుజానేసుకుని పరంజా మీద పాకాను. తోక దగ్గర కలిపాను. పిల్ల ఇంకా ఎర్రగానే ఉంది.

"తోకకే ఇచ్చావా?"

"తోకకే! కొంగ తోకకే!"

బావ నెత్తి బాదుకున్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దండ తోకే! పిల్ల దగ్గర, ఆఖరి బల్బుకి!"

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! ఇన్ని తోకలుంటే నాకేం తెలుసు?"

మెడలో వేలాడుతున్న ఫోనులోంచి అక్క గొంతు వినిపించింది. "నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారే."

"ఆగమనక్కా! కాళ్ళు పట్టుకుంటానని చెప్పు!"

బావ స్విచ్ ఆపాడు. గోడంతా చీకటి. తీగ ఊడదీసి పిల్ల దగ్గరికి పాకాను. కత్తెర ఎక్కడో జారిపోయింది. పళ్ళతో తొక్క లాగుతుంటే పెదవి తెగింది. దేవుడా, ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్కటి!

"తొందరగా తల్లీ" అని కింద బావ ఏడుస్తున్నాడు.

"ఆ, కనిపించిందే పిల్ల!" అంది అక్క. "తెల్లగా ఉంది, బంగారుతల్లి. ఇంక జాగ్రత్తగా దిగు. వెళ్ళొస్తాను."

ఫోను ఆగిపోయింది. నా చేతిలో తీగ ఇంకా కలపనేలేదు. గోడ మీద ఒక్క బల్బు కూడా వెలగడం లేదు.

కలిపాను. "వెయ్యి బావా."

"ఇంకెవరికోసమే?"

"వెయ్యమన్నానా!"

వేశాడు. పిల్ల తెల్లగా వెలిగింది. ఎదుటి కిటికీలో ఖాళీ మంచం.

"అక్క తిరిగొచ్చి ఆ కిటికీలో కూర్చునేదాకా ఆపావో, చంపేస్తాను" అన్నాను.