ముగ్గురు దొంగలు, ఒక తలుపు

దిండు గలీబుకు కళ్ల కోసం కోసిన రెండు రంధ్రాల్లో ఒకటి అరంగుళం పైకి ఉంది. తల పక్కకు వంచితే తప్ప వడ్రంగికి రెండు కళ్లతో చూడటం కుదరలేదు.

"తల అలాగే ఉంచు బాబాయ్," అంది డైరెక్టరు గొంతు తగ్గించి. "అలా వంచితే నాకే భయమేస్తోంది."

డైరెక్టరు అతని అన్న కూతురు. వారంలో ఆరు రోజులు ఒక స్టూడియోలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఏడో రోజు సినిమా తీస్తుంది. కథ చిన్నది. కుటుంబమంతా భోజనానికి కూడిన రాత్రి ముగ్గురు ముసుగు దొంగలు తలుపు బద్దలుకొట్టి లోపలికి వస్తారు. తెల్లారేసరికి ఎవరు మిగులుతారన్నదే సినిమా. ఇల్లు సొంతం. నటులూ సొంతమే: నాన్న, అమ్మ, మేనత్త. కెమెరా స్నేహితుడిది, ఆరింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. రాత్రిని కూడా సొంతంగా తయారు చేసుకుంది. నాన్న తొమ్మిదింటికే పడుకుంటాడు గనక పట్టపగలు కిటికీలకు నల్ల గుడ్డలు కొట్టి, వసారా చుట్టూ నల్ల పరదా కట్టింది.

ముగ్గురు దొంగలకు బడ్జెట్ సరిపోలేదు. ఒక గలీబు, మూడు చొక్కాలు, ఒక వడ్రంగి. ఒక్కో చొక్కా వేసుకుని ఒక్కోసారి లోపలికి వస్తే ముగ్గురవుతారు. గొడ్డలి మాత్రం అసలుదానికి ఏమాత్రం తీసిపోదు. వడ్రంగి చెక్కతో చేసి, చిత్రిక పట్టి, వెండి రంగు వేసి తెచ్చాడు.

ఆ ఇంట్లో అతను అడుగుపెట్టి తొమ్మిదేళ్లయింది.

ఇల్లు కట్టినప్పుడు వీధి తలుపు చేసింది అతనే. మూడు నెలలు చేశాడు. ఇంట్లోకి చేరిన రోజు అన్న బంధువుల్ని ముప్ఫై మందిని భోజనానికి పిలిచాడు. ముందురోజు వాన కురిసింది. తలుపు ఉబ్బింది. పెరటి సందులో వంట గిన్నెలు పట్టవు. బంధువులు లోపల, వంటవాళ్లు గిన్నెలతో బయట, నలభై నిమిషాలు. ఆకలి మీద ఉన్న అన్న అందరి ముందూ అన్నాడు: "మా తమ్ముడికి తలుపు చెయ్యమని చెప్తే గోడ చేశాడు." ముప్ఫై మందీ నవ్వారు. వడ్రంగి పనిముట్ల పెట్టె చంకన పెట్టుకున్నాడు. "ఈ తలుపు ఒక్క నెట్టుకు తెరుచుకున్న రోజు వస్తా. అందాకా నీ గడప తొక్కను," అని బయల్దేరాడు. తలుపు ఇంకా తెరుచుకోలేదు. పెరటి తలుపులోంచి వెళ్లాల్సి వచ్చింది. కోపంగా వెళ్లిపోయే మనిషికి అంతకంటే తలవంపు ఉండదు. గిన్నెలు కడిగే చోటు దాటుకుంటూ, తడి నేల మీద జారకుండా చూసుకుంటూ వెళ్లాడు.

ఆ తర్వాత అన్నదమ్ములు రోడ్డు మీద ఎదురుపడితే ఒకరు ఆకాశం చూసేవారు, ఒకరు చెప్పులు చూసుకునేవారు.

పోయిన నెల డైరెక్టరు వర్క్‌షాపుకు వచ్చి బల్ల మీద కూర్చుంది. "బాబాయ్, మాటల్లేని వేషం ఒకటుంది. మొహం కనపడదు. షూటింగ్ మన ఇంట్లో."

"నేను ఆ ఇంటికి రానని మీ నాన్నతో చెప్పాను కదమ్మా."

"నువ్వెక్కడ వస్తున్నావ్? వచ్చేది దొంగ."

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపలేదు. రెండు చెక్కలు అయ్యాక అడిగాడు, "చొక్కా నాదా, మీదా?"

ఇప్పుడు వసారాలో, మొదటి దొంగ చొక్కాలో, ఉక్కపోతలో నిలబడి అతను ఒకే ఒక్క సంగతికి భయపడుతున్నాడు. అన్న గుర్తుపట్టి, అందరి ముందూ ఇంకో మాట అంటే? ముప్ఫై మంది నవ్వితే తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈసారి కెమెరా కూడా ఉంది.

"గుర్తుంది కదా?" అంది డైరెక్టరు. "మూడు తన్నులు. తర్వాత భుజం. తలుపు విరుచుకుని పడాలి. అత్త కేక పెడుతుంది. నాన్న లేచి, ఎవరు నువ్వు అంటాడు. నువ్వు గొడ్డలి ఎత్తు. అంతే." పెరటి వైపు నుంచి లోపలికి పరిగెత్తింది.

"యాక్షన్!" అని వినిపించింది.

తన్నడానికి వడ్రంగి కాలెత్తాడు. తలుపు ఎదురుగా ఉంది. తను చేసిన తలుపు. పైమూల పట్టేస్తోందని పాలిష్ ఊడిన మచ్చే చెబుతోంది. తొమ్మిదేళ్లలో ఎవరూ చిత్రిక పట్టినట్టు లేరు. కాలు దానంతటదే దిగింది. ఎడమ చెయ్యి పిడిని అర అంగుళం పైకెత్తింది. కుడి మోకాలు కింది పలకకు ఆనింది. చిన్నగా నెట్టాడు.

చప్పుడు లేకుండా తెరుచుకుంది. దొంగ లోపల ఉన్నాడు.

భోజనాల బల్ల దగ్గర ముగ్గురూ తన్నుల కోసం చెవులు రిక్కించుకుని ఉన్నారు. వదిన గరిటె పట్టుకుని ఉంది. అక్క కేక పెట్టడానికి ఊపిరి పీల్చి దాచుకుంది. ఆమెను ఇంటిల్లిపాదీ రేడియో అంటారు. విన్న సంగతి ఆమె దగ్గర పావుగంట కంటే ఎక్కువ నిలవదు. దొంగ ఎవరో అన్నకూ వదినకూ చెప్పలేదు, ఆమెకు అసలే చెప్పలేదు.

"అదేంటి, అప్పుడే వచ్చేశాడా?" అంది రేడియో, పీల్చిన ఊపిరంతా వదిలేసి.

"కట్! తన్నాలి కదండీ! నెట్టుకుని రావడానికి మీరేమన్నా చుట్టాలా?"

అన్న కేక వెయ్యలేదు, లేవలేదు. ముసుగు వైపు కూడా చూడలేదు. తలుపు వైపు చూస్తున్నాడు. ఆ తలుపుకు పోస్ట్‌మన్ మూడు నెట్లు నెడతాడు. గ్యాస్ బండ తెచ్చేవాడు బండతోనే గుద్దుతాడు. ఇంట్లోవాళ్లకే రెండు నెట్లు తప్పవు.

"ఈ దొంగ ఎవరమ్మా?" అన్నాడు కూతురితో.

"మా ఆఫీసులో అతను నాన్నా."

"ఊ," అన్నాడు అన్న.

వడ్రంగికి ఆ 'ఊ' తెలుసు. చిన్నప్పుడు పెన్సిలు పోయినప్పుడు, జామకాయ మాయమైనప్పుడు అదే 'ఊ'. గలీబు లోపల చెమట మెడ దాకా వచ్చింది.

మొదటి దొంగ సీను మళ్లీ తీశారు. ఈసారి బుద్ధిగా తన్నాడు. రేడియో కేక పెట్టింది. పాలు పొంగిపోతుంటే పెట్టే కేక అది. డైరెక్టరు నాలుగుసార్లు పెట్టించింది. నాలుగుసార్లూ పాలే పొంగాయి.

"ప్రాణం పోతుందనుకో అత్తా!"

"అనుకుంటూనే ఉన్నానే. మధ్యలో నవ్వొస్తోంది. ఆ దిండు మా మంచం మీదిది."

రెండో దొంగ చొక్కా మార్చుకున్నాడు. మూడు తన్నులు తన్నాడు. భుజంతో గుద్దాడు. తలుపు రాలేదు. మళ్లీ గుద్దాడు. రాలేదు. పిడి ఎత్తితే వచ్చేస్తుంది, కానీ ఎత్తితే దొరికిపోతాడు. అందుకని లోకంలో అందరిలాగే గుద్దుతూ నిలబడ్డాడు. లోపల కెమెరా తిరుగుతోంది. కాసేపటికి వదిన గొంతు వినిపించింది.

"కంగారుపడకు నాయనా. ఒక్కసారికి ఎవరికీ రాదు. భుజం కాస్త పైకి పెట్టి నెట్టు."

"వదినా, వాడు మనల్ని చంపడానికి వస్తున్నాడు," అంది రేడియో.

"వస్తే మాత్రం? ఎంతసేపని నిలబడతాడు బయట?"

"కట్!" అంది డైరెక్టరు. ఆ పూట అది పందొమ్మిదో కట్. కెమెరామన్ గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నాడు. గడియారంలో అయిదూ పది. ఇంకో అరగంటలో కెమెరా పెట్టెలోకి వెళ్లిపోతుంది. సరైన కేక ఒక్కటీ దొరకలేదు. మూడో దొంగ ఇంకా పుట్టలేదు.

వసారాలో వడ్రంగి స్టూలు మీద కూర్చున్నాడు. పరదా పక్కకు జరిగింది. అన్న, చేతిలో మంచినీళ్ల గ్లాసు.

వడ్రంగి లేచి నిలబడ్డాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు, పదేళ్ల వయసులో ఉలి తగిలి పోయింది. ఆ వేలు చొక్కా చేతిలోకి లాక్కుని కుడిచేత్తో గ్లాసు అందుకున్నాడు. గలీబు అంచు కిందనుంచి తాగాడు. సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి.

"ఎక్కడ ఉంటావు బాబూ?" అన్నాడు అన్న.

వడ్రంగి చెయ్యి ఊపి ఎటో చూపించాడు.

"నాన్నా, అతను పాత్రలో ఉన్నాడు. దొంగకి మాటల్లేవు," అంది డైరెక్టరు వెనకనుంచి.

"మంచినీళ్లు తాగేటప్పుడు కూడానా?"

"సినిమా అయ్యేదాకా అంతే."

"ఇంత మొండితనం ఇంతకుముందు ఒక్కడి దగ్గరే చూశాను," అన్నాడు అన్న. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

వడ్రంగి పెరటి వైపు చూశాడు. గిన్నెల చోటు దాటితే సందు, సందు దాటితే రోడ్డు. దారి అలవాటైనదే. గలీబు తీసి స్టూలు మీద పెట్టి పోవచ్చు. కానీ అన్న కూతురి చేతిలో మిగిలిన అరగంట గుర్తొచ్చింది. గలీబు సర్దుకుని మూడో చొక్కా తొడుక్కున్నాడు.

"యాక్షన్!"

ఒక తన్ను. రెండు. మూడు. భుజం ఆనించాడు. ఇంకోసారి ఇరుక్కుంటే సీను పోతుంది, సీనుతో పాటు సాయంత్రమూ పోతుంది. చెయ్యి పిడి మీదకు వెళ్లింది. ఎత్తాడు. మోకాలు ఆనించి ఒక్క నెట్టు నెట్టాడు. తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంది.

అన్న బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు. అది స్క్రిప్టులో ఉన్నదే. వడ్రంగి తల పక్కకు వంచి గొడ్డలి ఎత్తాడు. అదీ ఉన్నదే.

తర్వాతిది లేదు.

"ఇద్దరు వడ్రంగులొచ్చారు ఈ తలుపు బాగుచేస్తామని. చిత్రిక బయటికి తియ్యకముందే పంపించేశాను. చేసినవాడే వచ్చి చెయ్యాలన్నాను. తొమ్మిదేళ్లు, వానాకాలం వస్తే చాలు, పెరట్లోంచి తిరుగుతున్నాం, అందరం."

రేడియో గరిటె తీసుకుని వదినను పొడిచింది. "ఇదెక్కడుంది? నా కాగితంలో లేదే."

డైరెక్టరు కట్ అనలేదు. కెమెరామన్ ఆమె వైపు చూశాడు. తియ్యమని వేలు తిప్పింది.

"ఒక్క నెట్టుకు తెరుచుకున్న రోజు వస్తానన్నాడు, ఒకడు," అన్నాడు అన్న. "మధ్యాహ్నం ఒకసారి తెరుచుకుంది. ఇప్పుడు ఒకసారి. రెండుసార్లూ నా కళ్లతో చూశాను. ఆకలి మీద ఏదో అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఇంకేం కావాలి నీకు?"

దొంగకు మాటల్లేవు. గొడ్డలి పట్టిన చెయ్యి గాల్లోనే ఉంది. ఎవరూ నవ్వడం లేదు. ఆ సంగతి గ్రహించడానికి వడ్రంగికి కొంతసేపు పట్టింది. గొడ్డలి దించాడు. తలుపు వైపు తిరిగి, గోరులేని బొటనవేలితో పైమూల అంచు తడిమాడు.

"గోరు మందం తీస్తే చాలన్నయ్యా. పావుగంట పని," అన్నాడు.

ఆ గొంతు విని రేడియో కేక పెట్టింది.

అది పాలకోసం పెట్టిన కేక కాదు. కిటికీకి కట్టిన నల్లగుడ్డ ఊడి కింద పడింది. వదిన చేతిలోని గిన్నె బల్ల మీద దొర్లింది. పక్కింటి ప్రహరీ మీంచి ఒక తల లేచి, "ఏమైందండీ?" అంది. కెమెరామన్ ఉలిక్కిపడి అడుగు వెనక్కు వేశాడు గాని కెమెరా వదల్లేదు.

"వీడా!" అంది రేడియో, ఊపిరి అందాక. "వీడు మన వీడే! మధ్యాహ్నం నుంచీ నా దిండు గలీబు తొడుక్కుని... ఒరేయ్, నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్తే మూడో వీధికి తెలిసేది," అంది వదిన. "గలీబు తియ్యవయ్యా, ఊపిరాడక పోతావు. ఇందాక భుజం పైకి పెట్టమని నీకా చెప్పాను నేను?"

"కట్," అంది డైరెక్టరు. నెమ్మదిగా అంది. కెమెరాలో మళ్లీ వేసి చూసుకుంది, కేక దగ్గర రెండుసార్లు. "అత్తా, ఇంతకంటే నాకేం వద్దు."

గలీబు తీసేసరికి వడ్రంగి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. అన్న భుజం మీద తువ్వాలు తీసి ఇచ్చాడు. ఇద్దరూ కాసేపు తలుపునే చూశారు. మనుషుల్ని చూడటం కంటే అది తేలిక.

"రేపు పెట్టె తెస్తాను," అన్నాడు వడ్రంగి. "చిత్రిక పట్టి పాలిష్ కూడా..."

"తలుపు ముట్టుకున్నావంటే ఊరుకోను బాబాయ్!" డైరెక్టరు పరిగెత్తుకొచ్చింది. "ఇంకా నాలుగు సీన్లున్నాయి ఈ తలుపుతో. ఒక సీనులో మచ్చ ఉండి ఇంకో సీనులో లేకపోతే చూసేవాళ్లు పట్టేస్తారు. నాలుగు ఆదివారాలు ఆగాలి."

"నాలుగు ఆదివారాలూ నేను రావాలా?"

"దొంగలు ముగ్గురూ రావాలి. భోజనం ఒక్కరికే పెడతాం," అంది వదిన.

ఆరు కొట్టకముందే కెమెరా వెళ్లింది. గుడ్డలు విప్పితే ఇంట్లోకి ఎండ తిరిగొచ్చింది. వడ్రంగి చెప్పులు వేసుకుని, అలవాటు కొద్దీ పెరటి వైపు రెండడుగులు వేశాడు.

"ఏయ్, ఎటు?" అన్నాడు అన్న.

వడ్రంగి వెనక్కి తిరిగి వీధి తలుపు దగ్గరకొచ్చాడు. గాలికి మూసుకుపోయి ఉంది. పిడి ఎత్తి లాగాడు. రాలేదు. ఇంకాస్త ఎత్తి లాగాడు. రాలేదు. బయటినుంచి నెట్టే కిటుకు లోపలినుంచి పనిచెయ్యలేదు. లోపలినుంచి తెరవాల్సిన అవసరం అతనికి ఒక్కసారే వచ్చింది, ఆ రోజూ పెరట్లోంచే వెళ్లాడు.

"జరుగు," అన్నాడు అన్న. పిడి పట్టుకుని కిందికి నొక్కాడు. కాలిబొటనవేలు తలుపు కిందకు దూర్చి, కుదిపి లాగాడు. తెరుచుకుంది.

"చేసినవాడివి నువ్వు. తొమ్మిదేళ్లు కాపరం చేసినవాణ్ణి నేను," అన్నాడు.

వడ్రంగి గడప దాటి మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఇంకోసారి చూపించు. కాలు ఎక్కడ పెట్టావు?"

తలుపు మూశారు. వదిన స్టవ్ మీద పాలు పెట్టి వచ్చేసరికి, అన్నదమ్ములిద్దరూ ఒకే పిడి పట్టుకుని, నువ్వు తప్పంటే నువ్వు తప్పని వాదించుకుంటూ తలుపు లాగుతున్నారు. అది రావడం లేదు.