మగపూత

వానలు ముఖం చాటేసిన ఆ ఏడాదే మేం మొదటిసారి గుమ్మడి వేశాం. అంతకుముందు అన్నేళ్ళూ వంకాయే. ఉన్న కాస్త పొలం చెక్కని మామయ్య కోడళ్ళిద్దరికీ చెరిసగం పంచాడు. ఎత్తు సగం నేను అక్కా అని పిలిచే పెద్ద తోడికోడలిది, పల్లం సగం నాది. తీరా పూతకొచ్చే వేళకి బావి అడుగంటింది. ఉన్న నీళ్ళు ఒక్క సగానికే సరిపోతాయి.

మామయ్య గట్టు మీద నిలబడి చూశాడు. అక్క వైపు తీగలన్నీ పచ్చటి పూలు. నా వైపు ఇక్కడొకటి, అక్కడొకటి.

"పూత ఎక్కడుంటే నీళ్ళక్కడికే. పెద్దకోడలి వైపు పెట్టండి," అన్నాడు.

పంట ఎండిపోతుంటే మా ఆయన మాత్రం, నాన్న మాటకి ఎదురేముంది అన్నట్టు, తలగోక్కుంటూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే అక్క పార పట్టుకుని కాలువ దగ్గరికి వచ్చింది. నేనూ వెళ్ళాను. పోట్లాడటానికే వెళ్ళాను, అబద్ధమెందుకు. మాటకి ముందు కచ్చకొద్దీ ఆవిడ పువ్వొకటి తెంపాను. సన్నటి కాడ తప్ప కింద ఏమీ లేదు. ఇంకోటి తెంపాను, అదీ అంతే. పరుగున నా వైపు వెళ్ళి వంగి చూస్తే, పువ్వు కింద గోలీకాయంత పిందె.

"అక్కా, నీదంతా మగపూతే. ఒక్క పిందె లేదు."

"కుళ్ళుకోకు."

"నువ్వే చూసుకో."

చూసింది. సాలు తర్వాత సాలు వంగి చూసింది. వంగకి పువ్వొస్తే కాయొచ్చినట్టే కదా, ఆ లెక్కే మేమంతా గుమ్మడికీ వేశాం. ఎత్తు నేల ముందే ఎండింది. పిందె మొయ్యలేని తీగ ఉత్త పూలతో సరిపెట్టింది. పైన పటారం, లోన లొటారం.

"మనింట్లో మగపూతకి కొదవేముందిలే," అని అక్క గట్టు మీద కూలబడింది. నవ్వబోయాను గానీ ఆవిడ కళ్ళు చూసి ఆగిపోయాను. గెలిచానన్న సంతోషం చప్పున చల్లారింది.

కాసేపటికి లేచి, తన పారతోనే నీళ్ళు నా వైపు మళ్ళించింది. మొదటి పాదులోకి నీళ్ళు చేరాయి. తర్వాత తన పూలు ఒడినిండా కోసుకొచ్చి, రేకులు తుంచేసి, లోపలి పుప్పొడి అంటుకునేలా నా పిందెపూలలో ఒక్కొక్కటే అద్దడం మొదలుపెట్టింది.

"ఈ ఎండకి తేనెటీగలు రావు. చిన్నప్పుడు మా అమ్మ ఇలా అద్దుతుంటే ఆట అనుకున్నాను. చూస్తావేంటి, నువ్వూ అద్దు."

పిందెలు నిలిచాయి. బుగ్గల్లా ఉబ్బాయి. కోత రోజున మామయ్య వచ్చి, కాయలు చిన్నకోడలివేగా అన్నాడు.

"పిందె దానిది, పుప్పొడి నాది," అంది అక్క. "ఏ కాయలో ఎవరి వాటా ఎంతో నువ్వే తేల్చు మామయ్యా."

ఆయన తేల్చేలోపే మేమిద్దరం కాయలన్నీ ఒకే బండిలో వేశాం.