పరదా ఇవతలి పట్టాలు

"చిన్న వంపుదా, పెద్ద వంపుదా వహినీ?" అని దాజీ పేట్ బొమ్మల దుకాణమతను నన్ను మరాఠీలో వదినను చేసి మూడోసారి అడిగాడు. చిన్న వంపు పట్టాలైతే రైలు పండక్కి నిలబెట్టే మహాలక్ష్ముల బొమ్మల పాదాల చుట్టూ తిరుగుతుంది. మా తోడికోడలు ఆరతి అవే తెమ్మంది. పెద్దవైతే హాలు సరిపోదు, రైలు గుమ్మానికి కట్టిన పరదా కిందుగా వంటింట్లోకి దూరి మళ్లీ హాల్లోకి పోవాలి. ఇంజనూ మూడు డబ్బాలూ మా ఆయన రామచంద్రం పోయినేడే కొనిపెట్టాడు. "పట్టాలు నువ్వే తీస్కో సులోచనా, కొలతల్ల నువ్వే ఉస్తాద్" అన్నాడు. హోళీకి ముందు కార్ఖానాలో, నడుస్తున్న మగ్గాల మధ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. పట్టాల్లేని రైలును నాకు వదిలేసి పోయాడు, మహానుభావుడు.

ఇరవై రెండేళ్లుగా ప్రతి భాద్రపదంలో ఆ అమ్మవార్లకు చీరలు కట్టింది నేను. మెట్లు పేర్చింది నేను, పదహారు కూరలు వండింది నేను. "మా ఇంటి డెకరేషన్ పేట్ల నంబర్ వన్" అని ఆరతి మొగుడు, మా మరిది విఠల్ ఊరంతా చెప్పుకునేవాడు. ఈసారి కూడా పనంతా నాదే. కాకపోతే అత్తమ్మ చంద్రభాగ ముందే తేల్చి చెప్పింది: "పొద్దుమూకెదాంక అన్నీ సర్దు. ముత్తైదువలు హల్దీకుంకానికి వచ్చే యాళ్లకు లోపలికి రా. పదకొండేండ్ల సంది నేను కూర్సుంటలేనా?" నిజమే, మామయ్య పోయినప్పటి నుంచీ ఆమె వంటింట్లోనే. నేనైనా ఆమెను ఒక్కసారి బయటికి రమ్మన్నానా? తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆరతేమో మెత్తగా, "అక్కా, ట్రైన్ మాత్రం నువ్వే వెయ్యాలె, మాకు రాదు" అంది. నా చేతులు పనికొస్తాయట, నా నుదురే పనికిరాదట!

"పెద్ద వంపువే ఇవ్వు" అన్నాను. ఆయన రైలు నాకూ కనబడాలి. అంతకుమించి ఏమీ అడగలేదు ఆ తల్లుల్ని.

పూజనాటి సాయంత్రం వంటింట్లో అత్తమ్మ పక్కన కూర్చున్నాను, స్విచ్చు నా చేతిలో ఉంది. పరదాను నెట్టుకుంటూ బండి లోపలికి వచ్చేది, అత్తమ్మ ముందు నుంచి తిరిగి వెళ్లిపోయేది. "అగ్గో, వచ్చె!" అని ప్రతిసారీ ఆమె మురిసిపోయింది. అవతల గాజుల చప్పుడు, మల్లెల వాసన. "కిత్తీ ఛాన్! ఎంత మంచిగుంది! ఎవరు చేసిన్రమ్మా?" అని ఎవరో అడిగారు.

"మా ఆయనే. రెండు దినాల సంది నిద్ర లేదు పాపం" అంది ఆరతి.

నా గుండె మండిపోయింది. నా పెనిమిటి కొన్న రైలు, నేను మోకాళ్ల మీద పాకుతూ వేసిన దారి. స్విచ్చు ఆపేశాను.

"అక్కా, బండి ఆగింది, జర సూడు" అని ఆరతి కేకేసింది.

"ఆగలే. నేనే ఆపిన."

లేవబోతే అత్తమ్మ నా కొంగు పట్టుకుంది. "కూర్సో బిడ్డా, ఇజ్జత్ పోతది." కొంగు విడిపించుకున్నాను. పరదా తొలగించి, హాల్లో ఆడవాళ్ల వరసలో పోయి కూర్చున్నాను. "పట్టాలు నేనే వేసిన" అన్నాను.

ఆరతి కుంకుమ పళ్లెంతో ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ వస్తోంది. నా దగ్గర ఆగింది. నా ముఖంలోకి చూడలేక పళ్లెంలోకి చూసింది. తర్వాత నన్ను దాటి, నా పక్కావిడ నుదుట బొట్టు పెట్టింది.

అందరి ముందే ఏడ్చాను. కానీ లేవలేదు.