కనుమ మీద పౌహీ

మా నాన్న ఎవుస్తోకియో ముప్పై ఒక్క ఏళ్లు ఈ కొండ అడవికి కాపలా కాశాడు. ఇప్పుడు ఆ ఉద్యోగం నాది. మా అమ్మ తమ్ముడు బౌదిలియో మామయ్య ఒకప్పుడు అదే అడవిలో దొంగచాటుగా వేటాడేవాడు. నాకు పదేళ్లప్పుడు, చచ్చిన పౌహీతో సహా ఆయన్ని పట్టుకుని నాన్న తుపాకి లాక్కున్నాడు. పౌహీ అంటే నల్లటి పెద్ద అడవి కోడి. నెత్తిన గుడ్డంత నీలం రాయి మోస్తున్నట్టు ఉంటుంది, కూత మూలుగులా ఉంటుంది. ఆనాటి నుంచి పద్దెనిమిదేళ్లు బావామరుదులకి మాటల్లేవు.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను వాకిట్లో కోకో గింజలు ఎండబోస్తుంటే మామయ్య వచ్చి నిలబడ్డాడు.

"దమేలిస్, మీ నాన్నకి చెప్పు. పై కనుమ దగ్గర పౌహీ మూలుగుతోంది."

నాన్న వసారాలోనే ఉన్నాడు కానీ ఆయనకి వినబడలేదు. రెండేళ్లుగా చెవులు పనిచేయడం లేదు. అమ్మే ఆయన దగ్గరికి వెళ్లి చెవిలో గట్టిగా చెప్పింది.

"ఏ కోతి మూలిగిందో. ఏడేళ్లుగా ఎవరికీ కనపడనిది వీడికి కనపడిందా?" అన్నాడు నాన్న.

"కనపడలేదు, వినపడింది. ఆ తేడా ఈయనకి తెలియదులే" అన్నాడు మామయ్య నాతో.

"ముగ్గురూ వెళ్లి చూసి రండి" అంది అమ్మ. "మీ ఇద్దరి మధ్య కబుర్లు మోసి మోసి నా కాళ్లు అరిగాయి."

మర్నాడు తెల్లవారుతుండగా ఎక్కడం మొదలుపెట్టాం. సముద్రం మీది మబ్బు మా వెనకే కొండెక్కింది. కాసేపటికి చెట్లకి మొదళ్లు లేవు, కొమ్మలే తేలుతున్నాయి. నాచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ముందు నడుస్తున్న నాన్న ఒక్కోసారి భుజాల వరకూ కరిగిపోయి, మళ్లీ మనిషయ్యేవాడు. దూరంగా ఊళపెట్టే జాతి కోతుల గుంపొకటి అరిచింది. ఆయన తల తిప్పలేదు.

కనుమ మీద మామయ్య ఒక దుంగ మీద కూర్చుని, గడ్డం గుండెకి ఆనించి, నోరు మూసుకుని మూలిగాడు. ఆ మోత ఆయనలోంచి కాక నేలలోంచి వచ్చినట్టుంది. రెండోసారి మూలిగాక, మబ్బులోంచి జవాబొచ్చింది. నా పక్కటెముకలు సన్నగా అదిరాయి.

నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. "పలికిందా?"

తలూపాను. మామయ్య లేచి వెళ్లి నాన్న అరచేతిని తన గుండె మీద పెట్టుకున్నాడు. పక్షి పలికినప్పుడల్లా అంతసేపూ, అదే తీరున తనూ మూలిగాడు. నాన్న కళ్లు మూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత వాళ్లిద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే మొదటిసారి.

అప్పుడు ఫెర్న్ ఆకులు కదిలి పౌహీ బయటికొచ్చింది. ఎర్ర ముక్కు, తెల్ల పొట్ట, నెత్తిన తడిసి మెరుస్తున్న నీలం. మమ్మల్ని మూడు చెట్లుగా లెక్కేసినట్టు చూసి, నింపాదిగా దారి దాటి మబ్బులో కలిసిపోయింది.

అది పోయిన వైపే చూస్తూ మామయ్య ఏదో గొణిగాడు. "ఏమన్నాడు?" అని నాన్న నన్నడిగాడు. అక్కడ అరవడానికి మనసొప్పక నా నోటుపుస్తకంలో రాసి చూపించాను: 'ఆ రోజు చంపినదాన్నీ ఇలాగే పిలిచాను బావా. నమ్మి వచ్చింది.'

నాన్న అది రెండుసార్లు చదివాడు.

"నేనూ నమ్మే వచ్చానురా. పౌహీ అనుకునే ఆ గొంతు వెంట పరిగెత్తాను. తీరా చూస్తే నువ్వు. నా కోపం సగం అందుకే."

మామయ్య చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. మేం వెంట తెచ్చుకున్న అరెపాలు అనే మొక్కజొన్న రొట్టెలు, బెల్లం కాఫీ ముగించి దిగేసరికి మబ్బు విడిపోయి కింద సముద్రం కనిపించింది.

మరుసటి వారం వాళ్లిద్దరే వెళ్లారు. నన్ను రావద్దన్నారు. ఏమీ కనపడలేదట. పక్షి ఆ రోజు ఎడమవైపు పోయిందా కుడివైపు పోయిందా అని పోట్లాడుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరారు.