నీడ వల

గద్వాల దవాఖానల కూతురు పావని కాన్పు చేయించి, అయిదో రోజు మిట్టమధ్యాహ్నం ఊరికొచ్చింది బాలమణి. సంచి గడపల పడేసి ముందు పెరట్ల నాచు తొట్టి కాడికే ఉరికింది. మూడేండ్లుగా ఆమె ఎవుసం, ఎండబెట్టి బలం మందుగ అమ్మే ఆ స్పిరులినా నాచే.

కట్టెకు కట్టిన స్టీలు గంటెను నీళ్లల్లకు దించింది. నాచు చిక్కగుంటే నాలుగు వేళ్ల లోతుకే కానరాకుండ పోవాల్సిన గంటె, మూరెడు దించినా మెరుస్తనే ఉంది. నీళ్లు పాలిపోయి పసుపెక్కినయి.

పక్కింటి విజయమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. "వచ్చినవా వదినా! మనుమడా, మనుమరాలా?"

"మనుమరాలు. నేను చెప్పిపోయినట్టు తొట్టికి నీడ వల కప్పినవా విజయా?"

"పావని మీదొట్టు, రోజూ ఎండెక్కంగనే కప్పిన. ఏం రోగం తగిలిందో మరి."

నాచు గుణం బాలమణికి ఎరుకే. నీడల ఉన్న నాచు దొరికిన కాసింత వెలుగును పట్టుకుందామని రంగు పెంచుకొని ముదురుతది. ఎండ మితిమీరితేనే రంగు ఇడుస్తది, ఆనక సస్తది. వల కింద నాచు గిట్ల తెల్లబోదు.

వల కట్టే గుంజలు బోడిగున్నయి.

సక్కగ విజయమ్మ పెరట్లకు నడిచింది. అక్కడి తొట్టి మీద బిగించి ఉంది తన వలే. చినిగిన కాడ తను ఎర్ర పట్టుదారంతో వేసిన కుట్లు. కింద నాచు నల్లగ నిగనిగలాడుతుంది. రెండేండ్ల కింద పెరుగుకు తోడు అడిగినట్టు అడిగి, విజయమ్మ బిందెడు పట్టుకపోయింది ఈ నాచునే.

"నా వల గాలికి పోయింది వదినా. నీది పాత నాచు, తట్టుకుంటదనుకున్న."

"అనుకున్నవు సరే. పచ్చి బాలింత మీద ఒట్టెందుకు వెట్టినవు?"

విజయమ్మ తల దించుకుంది.

"నాచు పెంపకం శిక్షణల సారు చెప్పంగ నా పక్కనే కూసున్నవు గద. నాచుల ఉండే నీలిరంగు, పచ్చరంగుకు అందని వెలుగును పట్టి దానికే అందిస్తదట. దాసుకోదట. నాచుకున్నపాటి నీతి..."

మూలకున్న బిందె తీసి తొట్టిల ముంచింది. తన తోడు తనకే కావాలె ఇప్పుడు. ఆ చెయ్యే వల తాడు మీద పడింది.

"గుంజుకపోతవా?" విజయమ్మ బెదిరిపోయింది.

బాలమణి నెత్తి మీది ఎండను చూసి తాడు ఇడిచింది. "గుంజితే ఇది గూడ సస్తది. దీనిదేం తప్పు? పొద్దు వాలినంక తెచ్చి గోడ మీద ఏసిపో. ఇంట్లకు మాత్రం రాకు, విజయమ్మా."

ఇరవై ఏండ్ల సంది ఆమెను విజయా అనే పిలిచింది.

ఎండ తగలకుండ బిందె మీద కొంగు కప్పి, సంకన వెట్టుకొని నడిచింది.