ఆరుగురు పసివాళ్ళూ ఒక పూతమందూ

పుట్టిన పిల్లల మడమల నుంచి తీసిన నెత్తుటి చుక్కలతోనే పన్నెండేళ్ళుగా ఆవిడ కాపురం. అందుకే ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ చుక్కలమ్మ అనేవారు. మూడోరోజున బిడ్డ మడమ గుచ్చి, అట్టముక్క మీద చుక్కలు ఆరబెట్టి, కింది అంతస్తులో ఆవిడ గదికి పంపుతారు. యంత్రం వాటిని చదివి గీతలు గీస్తుంది. ఏ గీతైనా మితిమీరి లేచిందంటే ఆ బిడ్డ ఒంట్లో ఏదో అరగక పేరుకుపోతోందన్నమాట. అరుదైన జబ్బులు. ముందే పట్టుకుంటే బిడ్డ దక్కుతుంది.

అలాంటిది ఒక్క నెలలో ఆరుగురు పిల్లలకి ఒకే గీత నిక్కి కూర్చుంది. తీరా ఎప్పటికప్పుడు పైకెళ్ళి చూస్తే ఆరుగురూ లక్షణంగా ఉన్నారు. గుక్క తిప్పుకోకుండా తాగుతున్నారు, వార్డు ఎగిరిపోయేలా ఏడుస్తున్నారు.

"గీత ఉంది, జబ్బు లేదు. అంటే ఇది ఇంతవరకూ ఎవరూ చూడని రకం!" చుక్కలమ్మకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ప్రయోగశాల పెద్దసారు ఆవిడ కన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. శాస్త్రవేత్తల సభకి అప్పుడే ఉత్తరం రాసిపడేశాడు. కొత్త జబ్బుకి ఎవరి పేరు ముందు పెట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు.

ఏడో అట్ట మీద తల్లి పేరు దగ్గర చుక్కలమ్మ చెల్లెలి పేరుంది.

గీత చూడగానే ఆవిడలోని శాస్త్రజ్ఞురాలు ఎటో పోయి పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. రొప్పుతూ మూడంతస్తులు ఎక్కి, "పాలివ్వకు! ఆపు!" అని కేక పెట్టింది.

"ఎందుకాపాలి? ఇప్పుడే కదా పట్టుకున్నాడు," అంది చెల్లెలు.

"అసలు వీడికేం పెట్టావు?"

"మూడ్రోజుల వెధవకి ఏం పెడతానక్కా, నీ మొహం! వాడి ధాటికి రొమ్ము పగిలి నా ప్రాణం పోతోంది. ఆ ట్యూబు ఇలా అందుకో."

చుక్కలమ్మ ట్యూబు అందుకుంది గానీ ఇవ్వలేదు. "ఇదెవరిచ్చారు?"

"నేనేనండీ," అంది గుమ్మంలోంచి పెద్ద నర్సు. "పగుళ్ళకి పూతమందు. కిందటి నెలే కొత్తగా తెప్పించాం. పాలతోపాటు పిల్లలు కాస్త నాకేస్తారనుకోండి. ఏం కాదట."

చుక్కలమ్మ ట్యూబుతోనే కిందికి దిగింది. పూతమందు నలుసంత కలిపి యంత్రానికి ఇచ్చింది. గీత కాగితం దాటిపోయేలా లేచింది. ఆ మందులోని సరుకూ, జబ్బు పిల్లల ఒంట్లో పేరుకునే సరుకూ ఒకే బరువు. బరువు చూసి పోల్చే యంత్రానికి తేడా తెలియలేదు. మిగతా ఆరుగురు తల్లుల్నీ అడిగింది. అందరూ రాసుకున్నవాళ్ళే.

పెద్దసారు తల పట్టుకున్నాడు. "సభకి రాసేశానే! ఇప్పుడేం చెయ్యను?"

"ఉన్నదున్నట్టు చెబుదాం సార్. మీ పేరే ముందుండనివ్వండి."

"అబ్బెబ్బే, మీ కష్టం కదా, మీ పేరే ముందు," అన్నాడాయన ఎన్నడూ లేని ఉదారంగా.

సభలో చుక్కలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. హాలంతా నవ్వింది. ఆవిడకీ నవ్వొచ్చింది. టీ వేళకి మాత్రం వేరే ప్రయోగశాలల పెద్దసార్లు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు ఆవిణ్ణి పక్కకి పిలిచి, ఆ పూతమందు పేరేమిటని గుసగుసగా అడిగి రాసుకుపోయారు.

పరువు పోయిన కసితో ఆవిడ ఆరు నెలలు కూర్చుని ఆ రెండు సరుకుల్నీ విడదీసే రెండో పరీక్ష ఒకటి తయారుచేసింది. అది సిద్ధమైన వారానికే ఒక పాపకి మళ్ళీ అదే గీత లేచింది.

"మళ్ళీ పూతమందేలెండి," అన్నాడు పెద్దసారు తల ఎత్తకుండానే.

చుక్కలమ్మ రెండో పరీక్ష పెట్టింది. పూతమందు జాడే లేదు. వెంటనే ఆ ఇంటికి ఫోన్ చేసింది. "పాప ఎలా ఉందమ్మా?"

"బంగారుతల్లండీ," అంది ఆ తల్లి మురిపెంగా. "ఏడవనే ఏడవదు. ఎప్పుడూ నిద్రే. పాలకి కూడా లేవదు."

చుక్కలమ్మ కుర్చీలోంచి లేచింది. "ఉన్నపళంగా తీసుకురండి. బట్టలు కూడా సర్దుకోవద్దు."

తెచ్చేసరికి పాప తడిగుడ్డలా వేలాడుతోంది. పాలు మానిపించి, నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. ఆ ఒంటికి అరగని ప్రొటీను తీసేసిన పాలపొడి తెప్పించారు. చుక్కలమ్మ పూటపూటకీ నెత్తురు చూస్తూ నాలుగు రోజులు ఇంటి మొహం చూడలేదు. అయిదో రోజు పాప కళ్ళు తెరిచి, ఆవిడ చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. పెద్దసారు వచ్చి, ఆవిడ పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ పాపకి మూడేళ్ళు. మూణ్ణెల్లకోసారి పరీక్షకి వస్తుంది.

"క్షణం నోరు మూయదు డాక్టరమ్మా. దీనికేదైనా మందుందా?" అంది వాళ్ళమ్మ మొన్న.

"ఉన్నా నేనివ్వను!" అంటూ చుక్కలమ్మ యంత్రం కట్టేసి, పాపని బల్ల మీద కూర్చోబెట్టుకుని, పక్కింటి పిల్లికి జలుబు చేసిన వైనం పూర్తిగా వింది.