బెత్తెడు ఎత్తు

ఇనప మూత పైకెత్తి, జేబులోని గుడ్డతో అద్దం తుడిచి, మోకాళ్ళ మీద వంగి మీటరాయన నీళ్ళ మీటరు అంకెలు చదివాడు. తెల్లగేటు ఇంటివాళ్ళు ఆయన వచ్చే రోజు గుర్తుపెట్టుకుని కుక్కని కట్టేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పేరేమిటో అడిగింది లేదు. కుక్కని మాత్రం మర్చిపోకుండా కట్టేస్తారు. అది చాలు.

సైకిలెక్కబోతే గొలుసు మళ్ళీ ఊడింది. వేళ్ళతో ఎక్కిస్తుంటే పొద్దున ఇంటి ఓనరావిడ అన్న మాట గుర్తొచ్చింది.

"రేపు కింది వాటాలోకి కొత్తవాళ్ళు దిగుతున్నారు బాబాయ్. ఇక మెట్ల కింద నీకు ఒక్క సైకిలుకే చోటు. అయినా ఉన్నది ఒక్కడివి, రెండెందుకు? కుడికాలికొకటి, ఎడమకాలికొకటా?"

ఆయనా నవ్వాడు. రెండోది భార్యది. ఆమె పోయి మూడేళ్ళు. ఆదివారం ఆదివారం రెండింటికీ గాలి కొడతాడు కానీ, ఆమెది ఎక్కడు. ఆమె పొట్టి, సీటు బాగా కిందికి ఉంటుంది. ఎక్కితే మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుంటాయి. సీటు పైకి లేపడం నిమిషం పని. మూడేళ్ళుగా ఆ నిమిషమే దొరకలేదు.

రోజూ ఇద్దరూ నాలుగు రోడ్ల దాకా పక్కపక్కనే వెళ్ళేవాళ్ళు. అక్కడ ఆమె రెండుసార్లు బెల్లు కొట్టి, వెనక్కి చూడకుండా కుట్టుషాపు వైపు తిరిగేది. ఇవాళ కూడా అక్కడికి రాగానే ఆయన వేలు రెండుసార్లు బెల్లు నొక్కింది.

"రోడ్డంతా ఖాళీయేగా పెద్దాయనా, ఎవరికా బెల్లు?" అన్నాడు ఆటో అతను.

సాయంత్రం రెండు సైకిళ్ళనీ చెరో చేత్తో పట్టుకుని, మధ్యలో తను నడుస్తూ రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. చాన్నాళ్ళకి అవి మళ్ళీ పక్కపక్కన వెళ్ళాయి.

"నీది తుక్కే అన్నా," అన్నాడు షాపతను. "అక్కది ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. ఏది ఉంచుతావ్?"

"మీ అక్కదే."

తన సైకిలు వెనక కట్టిన సంచీ విప్పుకుని తిరిగేసరికి, షాపతను పానాతో బోల్టు వదులు చేసి, ఆమె సీటుని బెత్తెడు పైకి లాగి బిగించేశాడు.

"నీ ఎత్తుకి సరిచేశా. డబ్బులేం వద్దులే."

మీటరాయన నోరు తెరిచాడు. షాపతను మొహంలో సంతోషం చూసి, "మంచిది," అన్నాడు.

ఆయన పాత సైకిలు షాపు లోపలికి వెళ్ళిపోయింది. చీకట్లో దాని వెనక చక్రం కాసేపు టిక్కు టిక్కుమని ఆగింది.

ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. అదే బాధనిపించింది.

మెట్ల కింద నిలబెట్టి, గుడ్డ తీసి తుడుస్తుంటే చెయ్యి ఆగింది. సీటు కింది కడ్డీకి పైభాగమంతా తుప్పు. ఇన్నేళ్ళూ గొట్టంలో దాగిన కిందిభాగం కొత్తదానిలా మెరుస్తోంది. ఆ రెండింటి మధ్య సన్నని గీత. ఇవాళ సాయంత్రం దాకా ఆ గీత గొట్టం అంచునే ఉండేది, ఆమె ఎత్తుకి. మోకాళ్ళ మీద వంగి, మీటరు చూసినట్టే చాలాసేపు చూశాడు.

తర్వాత గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. కింద, గొట్టానికి బెత్తెడు పైన, ఆ గీత అలాగే ఉంది.